కదలని గోడ

నవంబరు 6

అత్తకి,

ఇంటి ప్లాను గీయడం అయింది. ఈ కవరులోనే పెట్టాను. పెద్ద కాగితం, చిరగకుండా మెల్లగా విప్పు. బావకన్నా ముందు నువ్వే చూడాలి. స్థలం నీది, పాత ఇల్లు పడగొట్టనిచ్చిన ధైర్యం నీది, "ఇంట్లో ఆర్కిటెక్టుని పెట్టుకుని ఎవడికో ఇస్తామేంట్రా?" అని బావ నోరు మూయించిందీ నువ్వే.

చూడగానే కంగారు పడతావని ముందే చెబుతున్నాను. వంటిల్లు, స్నానాలగది నీళ్ల గొట్టాల దగ్గర ఉంటాయి కాబట్టి అవి జరగవు. మిగతా గదులకి పేర్లు లేవు, నంబర్లే. ఇది నా మతిమరుపు కాదు, నా పద్ధతి. గదికి పేరు పెట్టామా, అది ఆ పేరుకే కట్టుబడిపోతుంది. "పిల్లల గది" అంటాం. పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోయినా అందులో చిన్న మంచం, అరల నిండా విరిగిన బొమ్మలు అలాగే ఉంటాయి. మిగతావాళ్లంతా పక్కగదిలో ఒకరిమీద ఒకరు పడి బతుకుతుంటారు. మన ఇల్లు అలా ఉండదు. లోపలి గోడలన్నీ చెక్క పార్టిషన్లు. పైన పట్టాలు, వాటికి చక్రాలు. నీ మనవరాలు బుడ్డి ఇప్పుడు రెండో తరగతి. రేపు దానికి వేరే గది కావాలంటుంది, గోడ ఇటు జరుపుతాం. ఎల్లుండి చదువుకోడానికి ఎక్కడికో పోతుంది, గోడ అటు జరుపుతాం. ఇంకో పాతికేళ్లకి మొగుడితో వచ్చి ఇక్కడే ఉంటానంటే ఇంటిని రెండుగా చీల్చి ఇచ్చేస్తాం. మళ్లీ మేస్త్రి, మళ్లీ దుమ్ము, మళ్లీ అప్పు ఏమీ ఉండవు.

ఇంకో సంగతి. నా చేత ఇల్లు గీయించుకునే వాళ్లందరికీ నేనో హోంవర్కు ఇస్తాను. ఇప్పుడుంటున్న అద్దె ఇంట్లో వారానికోసారి సామానంతా చోటు మార్చాలి. మంచాలు, బీరువా, నీ కుట్టుమిషను, అన్నీ. ఎక్కడ పెడితే ఎవరికి హాయిగా ఉందో, ఎవరు విసుక్కున్నారో నాకు రాయాలి. మనుషులు నిజంగా ఎలా బతుకుతారో అప్పుడే తెలుస్తుంది. బావకి ఫోనులో చెప్పేశాను, ఎగిరి గంతేశాడు.

ఏమన్నా అనుమానాలుంటే రాయి. నీ చేతిరాత చూసి చాలా రోజులైంది.

నీ మేనకోడలు

నవంబరు 19

గీతలమ్మా,

ప్లాను అందింది. నేలమీద పరిచి, నాలుగు మూలలా దారపు రీళ్లు పెట్టి చూశాను. చిన్నప్పుడు మా గోడలమీద బొగ్గుతో గీతలు గీసి నా చేత తన్నులు తిన్న పిల్లవి, ఇప్పుడు నాకే గోడలు గీసిస్తున్నావు. సంతోషంగానే ఉంది. వాదించేటప్పుడు ఆ సంతోషం మరిచిపోతానేమోనని ముందే రాస్తున్నాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటంటావేమో. ఈ అద్దె ఇంట్లో ఉన్నవే రెండు గదులు. నేను ఒక మూల మాట్లాడితే మీ బావ, మీ అక్క, బుడ్డి, పక్కవాటా వాళ్లు అందరూ వింటారు. ఉత్తరమైతే మిషను దగ్గర కూర్చుని రాసుకోవచ్చు. ఎవరన్నా వస్తే జాకెట్టు కొలతలంటాను.

నీ నంబర్లు చూశాను. ఆసుపత్రిలో మంచాలకి వేసినట్టున్నాయి. నా గది ఎన్నో నంబరో అని వెతికాను, దొరకలేదు. ఇంతకుముందు మేస్త్రి గీసిచ్చిన కాగితంలో గీతలు వంకరటింకరగా ఉన్నా, ఒకచోట "అమ్మ గది" అని రాసి ఉండేది.

నవ్వనంటే ఒకటి అడుగుతాను. వీధి తలుపు దగ్గర్నుంచి వంటింటి మీదుగా స్నానాలగది దాకా, ఎప్పటికీ జరగని గోడ ఒక్కటైనా ఉందా? నేను వేలితో వెతుక్కుంటూ పోయాను. ఎక్కడ చూసినా చుక్కల గీతలే. చుక్కల గీతంటే జరిగే గోడ అని కింద రాశావు. ఈ ఇంటి మీద నాకున్న ఆశ ఒక్కటే. ఉన్నన్నాళ్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నా ఇంట్లో నేను తిరగాలి. "అమ్మని పట్టుకో, అమ్మకి దారి ఇవ్వు" అని ఎవరి చేతా అనిపించుకోకూడదు. దానికి ఇటుక గోడ కావాలి. ఎందుకని అడక్కు.

నీ హోంవర్కు మీ బావకి తెగ నచ్చింది. ఆదివారం మంచాన్ని కిటికీ కిందికి తోశాడు, బీరువాని తలుపు పక్కకి లాక్కొచ్చాడు. సోమవారం పొద్దున్నే నా మోకాలు మంచం కోడుకి తగిలి ప్రాణం పోయినంత పనైంది. అలవాటైపోతుందిలే అంటున్నారు. నాకు అలవాటయ్యేలోపల మళ్లీ ఆదివారం వచ్చేస్తోంది.

నీ అత్త

డిసెంబరు 2

అత్తా,

నవ్వాను. ఏమీ అనుకోకు.

నీకు గది లేకపోవడమేమిటి? ఒకటో నంబరు నీ కోసమే గీశాను. దానికి వీధివైపు వేరే తలుపుంది చూశావా? బట్టలు కుట్టించుకునేవాళ్లు ఇల్లంతా తొక్కకుండా తిన్నగా నీ దగ్గరికే వస్తారు. నువ్వు మిషను మానేశాక ఆ గదిని లోపలికి కలుపుకోవచ్చు, లేదంటే గోడ జరిపి అద్దెకివ్వచ్చు. ఒక గది ఎన్ని రకాలుగా పనికొస్తుందో చూడు! గడపలన్నీ తీసేశాను. తలుపులు వెడల్పు చేశాను, రేపెప్పుడైనా నీకు చక్రాల కుర్చీ కావాల్సి వచ్చినా ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. అన్నీ ఆలోచించాను అత్తా. అన్నీ.

ఇటుక గోడ మాత్రం అడక్కు. పాత ఇంటి మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు, నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. కానీ ఆ ఇంటిని ఎందుకు పడగొట్టాల్సి వచ్చింది? ఒక్క గోడా కదలకే కదా! మధ్యలో ఆ లావు గోడ ఉండబట్టే మామయ్య జబ్బుగా ఉన్నప్పుడు మంచం ముందుగదిలోనే వేయాల్సి వచ్చింది. వచ్చేపోయేవాళ్లందరూ ఆయన్ని చూస్తూ పోయేవాళ్లు. మళ్లీ అలాంటిది నా చేత్తో గీయను. "ఎప్పటికీ" అన్న మాట అంటేనే నాకు పడదు.

ఎవరి చెయ్యో పట్టుకోవడం గురించి రాశావు. నువ్వా? సందు చివర్నుంచి నువ్వొస్తుంటే కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి!

సామాను మార్చడం ఆపకండి. విసుగు పుట్టిన చోటే నాకు కావాల్సిన సమాచారం ఉంటుంది.

నీ మేనకోడలు

జనవరి 11

గీతలమ్మా,

పునాదులు లేచాయి. మేస్త్రి మంచివాడిలాగే ఉన్నాడు, రోజూ ఒకసారి నీ ప్లాను తిరగేసి పట్టుకుని చూస్తాడు, తర్వాత సరిగా పట్టుకుంటాడు.

నీ ఉత్తరం చదివి వెంటనే జవాబు రాయలేదు. ఒంట్లో బాగాలేదనుకో. నేను మిషను మానేశాక ఒకటో నంబరు గదిని అద్దెకివ్వచ్చన్నావు. అద్దెకిచ్చినప్పుడు నేనెక్కడుంటానో రాయలేదు. తొందరలో మరిచిపోయి ఉంటావు. చక్రాల కుర్చీ మాత్రం మరిచిపోలేదు. కుర్చీకి దారి ఉంది, నా కాళ్లకి గోడ లేదు.

మొన్న మీ అక్క వంటింట్లో మీ బావతో అంటోంది, "వీధి తలుపున్న గది ట్యూషన్‌కి సరిగ్గా సరిపోతుందండీ, పిల్లలు ఇంట్లోకి రాకుండా అటే వస్తారు" అని. వాడు "చూద్దాంలే" అన్నాడు. నేను బయట బట్టలు ఆరేస్తున్నాను. మీ అక్క చెడ్డది కాదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ ఒకరు అద్దెకంటారు, ఒకరు ట్యూషనంటారు, నేనింకా మిషను తొక్కుతూనే ఉన్నాను. ఇంకా బతికే ఉన్నానని ఒకసారి గట్టిగా దగ్గి లోపలికి వెళ్లాను.

ఈ హోంవర్కు ఆపమని వాడికి నువ్వే చెప్పు తల్లీ. నేను చెబితే ముసలిదాని చాదస్తమంటారు. ఈ వారం బీరువా నా మంచం పక్కకి వచ్చింది. దాని తలుపు తెరిచి ఉంటే నుదుటికి తగులుతుంది. బుడ్డి నా నుదుటి మీద బొప్పి చూసి, "నానమ్మా, నువ్వు కొమ్ములు మొలిపించుకుంటున్నావా?" అంది. నవ్వేశాను. స్నానాలగదికి వెళ్లి ఏడ్చాను. ఎందుకేడ్చానో రాయను.

మీ బావ కూడా ఇంటి పనీ, డ్యూటీ రెండూ మీద పడి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మొన్న బడి గేటు స్తంభానికి బస్సు ఎడమ అద్దం రాసుకుందట. బడి బస్సుకి డ్రైవరుగా చేరినప్పటినుంచీ వాడి బండికి ఒక్క గీత పడలేదు. "నిద్ర చాలట్లేదమ్మా" అన్నాడు. ఇల్లు కట్టడమంటే మనుషుల్ని పిండి ఆరేయడమే.

ఆ గోడ సంగతి ఇంకోసారి ఆలోచించు. బతిమాలుతున్నాననే అనుకో.

అత్త

ఫిబ్రవరి 8

అత్తా,

నువ్వు బతిమాలడం నాకు బొత్తిగా నచ్చలేదు. నీ నోట ఆ మాట వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయం.

నువ్వు అక్కర్లేదని ఎవరూ అనుకోవడం లేదు. అక్కతో మాట్లాడాను. పొద్దున పూట నువ్వు వంటింట్లో ఉంటావు కదా, ఆ గంటా ట్యూషన్ పెట్టుకుంటే అత్తయ్య ఏమన్నా అనుకుంటారా అని నన్నే అడిగింది. నిన్నడగడానికి భయమట. మీరందరూ ఒకే కప్పు కింద ఉండి నాకు చెప్పుకుంటారేమిటి? నేను ఇళ్లు గీసేదాన్నా, రాయబారాలు మోసేదాన్నా?

ఇదంతా ఎక్కడి భయమో నాకు అర్థమైంది. పాత ఇంట్లో నీ మాటే చెల్లేది. ఇప్పుడు గోడలు జరుగుతుంటే ఆ పెత్తనం కూడా జారిపోతుందనిపిస్తోంది. అందుకే ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనుకుంటున్నావు. ఇలా రాసినందుకు కోపం రావచ్చు. కానీ ఇల్లు కట్టించుకునే పెద్దవాళ్లందరూ ఇలాగే ఉంటారు, ఇది నాకు రోజూ ఉండేదే. కొత్త ఇంట్లో ఆర్నెల్లు గడిస్తే నువ్వే గోడలు జరుపుతూ ఆడుకుంటావు.

హోంవర్కు ఇంకొన్ని వారాలే. ఓర్చుకో. పార్టిషన్ చక్రాల నమూనా ఒకటి పంపుతున్నాను, చేత్తో తిప్పి చూడు, చప్పుడే ఉండదు. గోడ ఎప్పుడు కదిలిందో కూడా ఎవరికీ తెలియదు!

నీ మేనకోడలు

ఏప్రిల్ 3

అమ్మాయ్,

ఈసారి ఎక్కువ రాయలేను. కుడిచేతికి కట్టు ఉంది. చెప్పు జారి పడ్డాను. ఎముక విరగలేదు.

స్లాబు చెక్కలు తీసేశారు. నువ్వు పంపిన చక్రం తిప్పి చూశాను, నిజంగానే చప్పుడు లేదు. చూశాకే నిర్ణయించుకున్నాను. మేస్త్రిని పిలిచి వీధి తలుపు పక్కనుంచి వంటింటి వాకిలిని ఆనుకుంటూ స్నానాలగది తలుపు దాకా ఇటుక గోడ కట్టమన్నాను. "మేడమ్ ప్లానులో లేదమ్మా" అన్నాడు. "ఆ మేడమ్‌కి జడ వేసి బడికి పంపింది నేనే, కట్టు" అన్నాను. కట్టేశాడు. మీ బావ ఊళ్లో లేడు, బడి పిల్లల్ని ఆటల పోటీలకి తీసుకెళ్లాడు. అందుకే ఆ రోజు కట్టించాను.

నీ పని పాడు చేశానని తెలుసు. తిట్టుకో.

అత్త

ఏప్రిల్ 12

అత్తా,

తిట్టుకోమన్నావు, తిడుతున్నాను.

బావ ఫోను చేసి ఒంటికాలిమీద లేచాడు. నీకూ నాకూ మధ్య ఏదో ఒప్పందం ఉందనుకుంటున్నాడు. "నువ్వూ అమ్మా కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు! ఇంటి మధ్యలో గోడ కట్టారంటే ఏంటర్థం? అటు మేము, ఇటు ఆవిడా?" అన్నాడు. అక్క వెనకనుంచి ఏడుస్తోంది. వాళ్లిద్దరూ ఆ గోడని చూసి, నువ్వు వేరు కాపురం పెట్టబోతున్నావని అనుకుంటున్నారు. నేనేం చెప్పను? నాకు తెలిస్తే కదా!

నువ్వు కట్టించిన చోట గోడ ఉంటే రెండు, మూడు, నాలుగు నంబర్లు మూడూ చచ్చినట్టే. పట్టాలు సగంలో ఆగిపోతాయి. ఇన్ని నెలల నా పని అంతా ఒక్కరోజులో సిమెంటు పెట్టి పూడ్చేశావు. ఎందుకో చెప్పవు. "ఎందుకని అడక్కు" అంటావు. అడక్కుండా ఇల్లెలా గీయాలి? ఆ గోడ తీసేయమని మేస్త్రికి చెబుతున్నాను. వచ్చే నెల నేనే వచ్చి నిలబడి తీయిస్తాను.

కోపంగా ఉన్నా నీ చెయ్యి ఎలా ఉందో అడగకుండా ఉండలేను. ఎలా ఉంది? ఇక్కడ నా ఒళ్లూ అంతే. ఈమధ్య ఎడమవైపు ఏదుంటే అది తగులుతోంది. నిన్న సైటులో పరంజా గొట్టానికి కణత కొట్టుకుంది, కుట్లు పడ్డాయి. పనివాళ్లు "మేడమ్‌కి ఎడమవైపు కన్నే లేదు" అని నవ్వుకున్నారు. మన వంశమే అంత, చూడకుండా నడుస్తాం.

నీ మేనకోడలు

ఏప్రిల్ 20

తల్లీ,

నీ ఉత్తరం చదివి నా గుండె గుభేలుమంది. గోడ గురించి రాసినందుకు కాదు. చివర రాశావే, ఎడమవైపు ఏదుంటే అది తగులుతోందని. దానికి.

ఇది చదవగానే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. పని ఉందనకు. కళ్లద్దాల షాపు కాదు, డాక్టరు. "మా అత్తకి నీటికాసులు, నాకూ చూడండి" అని చెప్పు.

రెండేళ్లయింది నాకు తెలిసి. కంట్లో ఒత్తిడి పెరిగి లోపల నరం చచ్చిపోతుందట. నొప్పి ఉండదు, ఎర్రబడదు. ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పక్కనున్న బీరువా నాకు ఉండదు. తగిలాక ఉంటుంది. పోయింది ఎటూ తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోడానికి చుక్కలమందు ఇచ్చారు. బొత్తాల డబ్బాలో దాచుకుని వేసుకుంటున్నాను. అయినా కొంచెం కొంచెం పోతూనే ఉంది. నేను ఆలస్యంగా వెళ్లానట.

పాత ఇంట్లో బాధ లేదు. ఏది ఎక్కడుందో నా ఒంటికి తెలుసు. అద్దె ఇంటికి వచ్చాక నీ హోంవర్కు మొదలైంది. ప్రతి ఆదివారం నేను కొత్త ఊళ్లో దిగినట్టే. ఆ పడటం కూడా చెప్పు జారి కాదు, మిషను చోటు మార్చారు. కదిలే గోడల ఇల్లు నీకు గొప్పగా ఉంటుంది. గోడ ఎప్పుడు కదిలిందో ఎవరికీ తెలియదని మురిసిపోతూ రాశావు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

వాళ్లకెందుకు చెప్పలేదంటే, చెబితే మిషను తీసేస్తారు. కత్తెర దాచేస్తారు. ప్రేమగానే చేస్తారు. నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, అడుగు తీసి అడుగు వేస్తే "ఎక్కడికి?" అంటారు. మీ మామయ్యని నేను అలాగే చేశాను కాబట్టి నాకు తెలుసు.

డాక్టరమ్మ ఇంకోటి చెప్పింది. ఇది రక్తంలో వస్తుందట, మీవాళ్లందరినీ ఒకసారి చూపించుకోమనండి అంది. తలూపి వచ్చేశాను. చెబితే నా సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను. మీకెవరికీ ఏమీ లేదులే అనుకున్నాను. నీ కణత మీద కుట్లు పడ్డాక ఎలా అనుకోను? మీ నాన్నని కూడా తీసుకెళ్లు.

గోడ తీయించాలంటే తీయించు. నువ్వు చూపించుకున్నాక తీయించు.

అత్త

మే 4

అత్తా,

నా కళ్లు బాగున్నాయి. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో. ఫోను చూసుకుంటూ నడిచే జబ్బు తప్ప నాకు ఏమీ లేదట, డాక్టరు మొహం మీదే చెప్పాడు. నాన్నకి మాత్రం మొదలైంది. చాలా కొద్దిగా. "సరైన సమయానికి తీసుకొచ్చారు, మందు వేసుకుంటే ఇక్కడితో ఆగుతుంది" అన్నారు. నాన్న బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "అది చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అని ఒకటే ఏడుపు.

నేనూ ఏడ్చాను. నీ మోకాలు, నీ నుదురు, నీ చెయ్యి. అన్నీ నేను చేసినవే. విసుగు పుట్టిన చోటే నాకు సమాచారం ఉంటుందని గొప్పగా రాశాను, ఆ సమాచారం నువ్వు ఉత్తరం తరవాత ఉత్తరంలో రాస్తుంటే పెత్తనం, చాదస్తం అనుకున్నాను. గోడ తీయించను. ఆ గోడ చుట్టూ ఇల్లంతా మళ్లీ గీస్తున్నాను. జరగాల్సినవి జరుగుతాయి, అదొక్కటీ జరగదు.

ఇక అసలు విషయం. నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. నా కణత గురించి చదివి నీ గుండె గుభేలుమంది. జనవరిలో నువ్వే రాశావు అత్తా, బావ బస్సు ఎడమ అద్దం గేటు స్తంభానికి రాసుకుందని. అన్నేళ్లలో ఒక్క గీత పడని బండికి. నిద్ర చాలక అని మీరిద్దరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

నేను నీ మేనకోడల్ని. బావ నీ కొడుకు. డాక్టరుని అడిగాను, కడుపున పుట్టినవాళ్లకే ముందు చూడాలన్నాడు.

వెంటనే ఫోను తీశాను. బడికి సెలవులు కాబట్టి, బస్సు షెడ్డులో ఉంది కాబట్టి మళ్లీ పెట్టేశాను. లేకపోతే నీతో చెప్పకుండానే చెప్పేసేదాన్ని. ఇది నీ నోటితో నువ్వే చెప్పాలి. ఇప్పుడిక నీ మిషను, నీ కత్తెర సంగతి కాదు ఇది. ఆ బస్సులో ఎంతమంది పిల్లలు ఎక్కుతారో నీకు తెలుసు. బడి తెరిచేలోపు నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. అప్పుడు నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే.

కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను.

నీ మేనకోడలు

జూన్ 9

గీతలమ్మా,

చెప్పాను.

నీ ఉత్తరం వచ్చాక కూడా చాలా రోజులు చెప్పలేకపోయాను. వాడు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే వాడి ఎడమవైపు మంచినీళ్ల గ్లాసు పెట్టి చూసేదాన్ని. తీసుకున్నాడంటే బాగానే ఉంది, ఏమీ లేదు అనుకునేదాన్ని. మర్నాడు మళ్లీ పెట్టేదాన్ని. ఒకరోజు చెయ్యి తగిలి గ్లాసు పడిపోయింది. "ఇక్కడెవరు పెట్టారు?" అని విసుక్కున్నాడు. అప్పుడు ఇక ఆగలేదు.

ఆ సాయంత్రం ఇల్లు చూద్దాం రమ్మని సైటుకి తీసుకెళ్లాను. గోడ ముందు నిలబడి, "ఇది వేరు కాపురానికి కట్టించింది కాదురా" అని మొదలుపెట్టాను. నాదంతా చెప్పాను. వాడు నన్ను పట్టుకుని, "ఇన్నాళ్లూ ఒక్కదానివే దాచుకున్నావా అమ్మా?" అన్నాడు. నా గురించే ఏడుస్తున్నాడు పిచ్చివాడు. ఇంకా అవ్వలేదురా, నీ గురించి కూడా ఉంది అన్నాను. బస్సు అద్దం సంగతి ఎత్తాను. అప్పుడు చెప్పాడు వాడు, ఎడమ అద్దం కొన్నాళ్లుగా మసగ్గా ఉంటోందని, రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుస్తున్నాడట. ఎంత తుడిచినా పోవట్లేదని ఆఫీసులో చెప్పి కొత్త అద్దం కూడా వేయించాడట.

మర్నాడే వెళ్లాం. మీ అక్క కూడా వచ్చింది. ఎడమ కంట్లో సగానికి పైగా పోయింది. కుడి కంట్లో మొదలైంది. మందుతో ఆపచ్చన్నారు, పోయింది రాదన్నారు. బండి నడపకూడదన్నారు. వాడే బడికి వెళ్లి తాళాలిచ్చి వచ్చాడు. సామాను గదిలో ఏదో పని చూస్తామన్నారట, ఇంకా తేలలేదు.

మీ అక్క నాతో వారం రోజులు మాట్లాడలేదు. వారం తర్వాత వంటింట్లో నిలబడి ఒకే ఒక్క మాట అంది. "అత్తయ్యా, ఆ బస్సులో మన బుడ్డి కూడా రోజూ ఎక్కింది." గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. నా మిషను తీసేస్తారని, నన్ను కుర్చీలో కూర్చోబెడతారని నేను భయపడ్డాను. రోజూ పొద్దున వాడు ఆ పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. ఏమీ జరగలేదు, ఆ ఒక్కటే నాకు మిగిలింది. దాన్ని పట్టుకుని రోజూ నిద్రపోతున్నాను, నిద్ర పడితే.

మీ అక్క ఇప్పుడు మాట్లాడుతోంది. బొత్తాల డబ్బాలోంచి నా మందు తీసి, వాడి మందు పక్కన పెట్టింది. ఇద్దరికీ తనే వేస్తోంది. నా మిషను ఎవరూ తీసేయలేదు. సామాను మార్చడం ఆపేశారు.

నిన్న నలుగురం సైటుకి వెళ్లాం. నీ కొత్త ప్లాను మేస్త్రికి ఇచ్చాం, ఈసారి తిన్నగానే పట్టుకున్నాడు. మీ బావ వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు ఇక్కడ ఎలా నడుద్దామనుకున్నావో చూపించు" అన్నాడు. ఎందుకురా ఇప్పుడు, నీకింకా బాగా కనిపిస్తోంది కదా అన్నాను. "కనిపిస్తున్నప్పుడే నేర్చుకుంటాను" అన్నాడు.

ఎడమ చెయ్యి గోడకి ఆనించి ఎలా వెళ్లాలో చెప్పాను. పూత పడలేదు, ఇటుకలు గరుగ్గా ఉన్నాయి. వంటింటి దగ్గర గోడ ఆగినప్పుడు తడబడకుండా రెండడుగులు వేస్తే మళ్లీ అందుతుందని చెప్పాను. వాడు కళ్లు మూసుకున్నాడు. నేను ముందు నడిచాను, వాడు ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసుకుని నా వెనకే వచ్చాడు. ఎవరి చెయ్యీ నామీద పడకూడదనుకున్నదాన్ని. నలభై ఏళ్ల కొడుకు చెయ్యి అంత బరువుంటుందని నాకు తెలియదు. నడుస్తూ నడుస్తూ, ఈ గోడని నాకోసం అడిగానని తల్చుకుని సిగ్గుపడ్డాను.

మా వెనక బుడ్డి కూడా కళ్లు మూసుకుని వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని వచ్చింది. దానికి అదొక ఆట. నవ్వుతూ నవ్వుతూ వచ్చింది. దానికీ పరీక్ష చేయించాం. ఇప్పటికి ఏమీ లేదు, ఏడాదికోసారి తీసుకురమ్మన్నారు.

ఇల్లు నీ ఇష్టం వచ్చినట్టు గీయి. ఎన్ని గోడలు జరిపినా నేను అడ్డు చెప్పను. బుడ్డి మంచం మాత్రం ఆ గోడ పక్కనే వచ్చేలా చూడు.

నీ అత్త